సారీ, కానీ

"ఫస్టు నీదేనమ్మా. అరవైమందిలో నువ్వొక్కదానివే నిన్ను నువ్వు ఉన్నదున్నట్టు రాసుకున్నావంటున్నారు మేడమ్."

మూడంతస్తుల మెట్లెక్కి వచ్చి వార్డెన్ చెప్పిన కబురిది. మామూలుగానైతే పిడుగు మంచం మీద నుంచి ఎగిరి గంతెయ్యాలి. హాస్టల్లో ఆ పేరొచ్చిందే అందుకు. ఇప్పుడు మాత్రం తేలు కుట్టిన దొంగలా గోడకి అతుక్కుపోయింది.

"రేపు పదింటికి కాలేజీలో అందరి ముందూ చదవాలట. ఈ నీలం స్వెటరే వేసుకురా, నీకు బాగుంది" అని చెప్పి వార్డెన్ దిగిపోయింది.

పోయిన వారం సైకాలజీ మేడమ్ తలా ఒక కాగితం పంచింది. "మీలో ఉన్న లోపాలు మూడు రాయండి. ఉన్నదున్నట్టు రాసినవాళ్ళకి బహుమతి. ఎదుటివాళ్ళవైతే ముప్పై రాస్తారని నాకు తెలుసులెండి" అంది. పిడుగు గంటసేపు పెన్ను కొరికింది. బుర్రంతా గాలించినా తన లోపమొక్కటీ దొరకలేదు. ఇంకో ఐదు నిమిషాలుందనగా గదిలో తనతో ఉండే లెక్కల పిల్ల గుర్తొచ్చింది. చిన్నదానికీ పెద్దదానికీ మూతి ముడుస్తుందని ఆ పిల్లకి 'బుంగమూతి' అని పేరు పెట్టింది పిడుగే. ఇంకేం, పెన్ను పరుగెత్తింది. 'అది' అని రావలసిన చోటల్లా 'నేను' అని రాసి ఇచ్చేసింది.

రేపు బుంగమూతి ముందు వరసలో కూర్చుంటుంది. వింటే గుర్తుపట్టదా? తనకి జ్వరమొస్తే నాలుగు రోజులు క్లాసులు మానేసి నుదుటి మీద తడిగుడ్డ మార్చిన పిల్ల. అలాంటిదాన్ని అమ్ముకుని మెప్పు కొనుక్కున్నట్టయింది. ఇది తెలిశాక గది మారిపోతుందేమో.

తలుపు తోసుకుని బుంగమూతి వచ్చింది. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అదేంటే, ఇలా తడిసిపోయావు?"

"గొడుగు ఎంత వెతికినా కనబ..."

"అది లైబ్రరీలో ఉందిలే. ముందు నేను చెప్పేది విను."

"తల తుడుచుకుని..."

"తర్వాత తుడుచుకుందువుగాని, కూర్చో." పిడుగు ఆమె చేతిలో కాగితం నకలు పెట్టి, గుక్క తిప్పుకోకుండా జరిగిందంతా చెప్పేసింది. చివరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సారీనే. కానీ నువ్వలా ఉండకపోతే నేను రాసేదాన్నా చెప్పు?"

బుంగమూతి తడి వేళ్ళతో కాగితం విప్పి పైకి చదివింది.

"ఒకటి, ఎవరి వస్తువైనా అడక్కుండా తీసుకుంటాను, తీసింది తీసినచోట పెట్టను. రెండు, ఎదుటివాళ్ళ మాట పూర్తి కానివ్వను. మూడు, సారీ చెప్పినా వెనకాలే ఒక 'కానీ' తగిలిస్తాను."

కాగితం మీంచి తలెత్తింది.

"ఇవి నావా?"

"నీవే. నిన్న నా దువ్వెన తియ్యలేదూ?"

"అది నాదేనే."

"సరే, దువ్వెన వదిలెయ్. మనసు విరిగిపోయిందా? తిట్టు, పడతాను. గది మాత్రం మారకు. రేపు తొమ్మిదింటికే మేడమ్ దగ్గరికెళ్ళి ఇదంతా నా గురించి కాదని ఒప్పేసుకుంటా. బహుమతీ వద్దు, ఏమీ వద్దు."

బుంగమూతి మూతి ముడవలేదు. తువ్వాలు తీసుకుని తల తుడుచుకుంటూ పక్కన కూర్చుంది.

"గది ఎక్కడికి మారతానే, నా స్వెటర్ నీ ఒంటి మీదుంటే. తొమ్మిదింటికి ఎక్కడికీ వెళ్ళకు. పదింటికి ఇద్దరం కలిసే వెళ్దాం. నన్నూ స్టేజి ఎక్కమన్నారు మేడమ్."

"నువ్వెందుకు?"

"నీకు ఫస్టు ఇచ్చేముందు నిన్న నన్ను పిలిచారు. నీ కాగితం చూపించకుండా, నీ లోపాలు మూడు నన్నూ రాసిమ్మన్నారు. రేపు నీది నువ్వు, నాది నేను చదవాలట."

"ఏం రాశావే?"

బుంగమూతి ఆ కాగితాన్ని మడిచి ఆమె చేతిలోనే పెట్టింది.

"ఈ మూడే."