అందరికంటే ముందు అభినందన

“సౌండ్ పూర్తిగా తీసెయ్. లోపల మంత్రిగారు కునుకు తీస్తున్నారు,” అన్నాడు పీఏ.

అందరూ ‘కలం’ అని పిలిచే ప్రకటనల రాతగాడు రిమోట్ నొక్కాడు. టీవీ మూగబోయింది. తెర మీద ఎనిమిది మంది అమ్మాయిలు కాళ్లూ చేతులూ విదిలించుకుంటున్నారు. తెర అడుగున నడిచే అక్షరాలు కనపడవు. మంత్రిగారికి సన్మానాల్లో ఇచ్చిన షీల్డులు టీవీ ముందు బారుగా నిలబడి ఉన్నాయి. వాటిని పక్కకు జరిపే గుండె ఆ ఆఫీసులో ఎవరికీ లేదు.

కలం అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా ఉండదు. మంత్రిగారి పేరుతో వచ్చే సంతాపాలూ అభినందనలూ ఖండనలూ ఇరవై రెండేళ్లుగా అతనే రాస్తున్నాడు. మంత్రులు మారారు. ఏడుపు మారలేదు, మెప్పు మారలేదు.

“మన అమ్మాయి పరుగు రెండున్నరకని పేపర్లో వేశారు. టైమైంది. రెండూ రెడీయేనా?”

“రెడీ సార్. గెలిస్తే ‘జాతి గర్విస్తోంది’, ఓడితే ‘మనసులు గెలిచింది’.”

“పోయిన నెల ఆ గాయకుడు పోతే ప్రతిపక్షం వాళ్ల సంతాపం మనకంటే నాలుగు నిమిషాలు ముందొచ్చింది. ఆ నాలుగు నిమిషాలకి నేను నాలుగు రోజులు చీవాట్లు తిన్నాను. ఈసారీ వెనకబడ్డామా, రేపట్నుంచి నీ కుర్చీ పాత ఫైళ్ల గదిలో వేస్తారు. నా చేతుల్లో ఏం లేదు.”

“ఆ గదికి కిటికీ లేదు సార్. నాకు ఉబ్బసం.”

“అందుకే చెప్తున్నా. వేళ్లు ఆడించు.”

కలం కంప్యూటర్ ముందు కూర్చుని, మెడ మాత్రం టీవీ వైపు తిప్పాడు. ఆ గదిలోకి వెళ్లిన చివరి మనిషి పది రోజులు దగ్గి సెలవు పెట్టాడు. మళ్లీ తిరిగి రాలేదు.

పరుగు మొదలైంది. మన అమ్మాయి మలుపు దగ్గర ఆరోస్థానంలో ఉంది.

“అయిపోయింది. ఆ రెండోది తెరువు,” అన్నాడు పీఏ.

“ఉండండి సార్.”

రెండో మలుపులో ఒకరిని దాటింది. ఆ వెంటనే ఇంకొకరిని. గుమాస్తాలందరూ కుర్చీల్లోంచి లేచారు. డ్రైవరు గుమ్మంలోంచి తల పెట్టాడు. గట్టిగా అరిస్తే మంత్రిగారు లేస్తారు కాబట్టి అందరూ గొంతు లేకుండా అరుస్తున్నారు. పీఏ రుమాలు నోట్లో కుక్కుకుని బల్ల మీద ఉత్తుత్తి గుద్దులు గుద్దుతున్నాడు. టైపిస్టు పక్కనున్న ఆవిడ భుజం గిచ్చేసింది. చివరి గీతకి పదడుగుల దూరంలో మన అమ్మాయి అందరికంటే ముందుంది. గీత దాటింది.

“పంపు, పంపు, పంపు,” అన్నాడు పీఏ గుసగుసగా.

కలం పంపలేదు. తెర వంకే చూస్తున్నాడు. ఆ అమ్మాయి చేతులెత్తలేదు, జెండా అడగలేదు. నీళ్ల సీసా తీసుకుని, కోటు భుజాన వేసుకుని, పనయిపోయిన మనిషిలా లోపలికి నడిచిపోయింది.

“ఇంత గెలిచి నవ్వదేంటయ్యా ఈ పిల్ల?”

“అదే సార్ రాయాల్సింది.” కలం పాత ప్రకటన చెరిపేశాడు.

“ఏం చేస్తున్నావ్? ఉన్నది పంపవయ్యా బాబూ.”

“ఒక్క నిమిషం సార్. ఇన్నేళ్లకి ఒక్క నిజం రాయబుద్ధయింది.”

‘బంగారు పతకం గెలిచి కూడా తల తిరగని బిడ్డ ఈమె. చిన్న కుర్చీకే మిడిసిపడే మా లాంటివాళ్లం ఈమె దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.’ ఇలా రాసి, రెండు గంటల ముప్పై అయిదుకి పంపేశాడు.

మంత్రిగారి మాటని ఛానళ్లు వార్తగా అందుకున్నాయి. ప్రతిపక్షం అభినందన రెండూ నలభై ఒకటికి వచ్చింది.

“ఆరు నిమిషాలు,” అంటూ పీఏ కలాన్ని కావలించుకున్నాడు.

ప్రతిపక్ష నాయకుడు ‘తల తిరగని బిడ్డ’ అనే మాటని ఉన్నదున్నట్టు ఎత్తేశాడు. మూడో పార్టీ ఆమె పేరున స్టేడియం కట్టాలంది. నాలుగో పార్టీ స్టేడియం చాలదు, విగ్రహం కావాలంది. పోటీ ముదిరాక పెద్దల సభలో అందరూ లేచి నిలబడి ఒక నిమిషం చప్పట్లు కొట్టారు. రేపు బడులకు సెలవన్నారు.

మంత్రిగారు బొత్తాలు పెట్టుకుంటూ బయటికి వచ్చారు. “ఎవరయ్యా రాసింది?”

ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. కలం చెయ్యి సగమే ఎత్తాడు.

“నన్ను తిట్టినట్టే ఉంది. జనానికి మాత్రం తెగ నచ్చిందట. ఇతని కుర్చీ నా గది పక్కన వేయించండి. కిటికీ వైపు. ఇప్పుడా అమ్మాయితో మాట్లాడాలి, దేశమంతా వినాలి.”

పావుగంటలో గది కెమెరాలతో నిండిపోయింది. మంత్రిగారి భుజం వెనక నిలబడమని కలాన్ని పీఏ ముందుకు తోశాడు. ఎవరో దువ్వెన అందించారు. కలం తల దువ్వుకున్నాడు. టీవీలో కనపడతానని ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాడు కూడా.

అటువైపు ఫోన్ మోగింది. అమ్మాయి ఎత్తింది. అప్పుడే నిద్రలేచిన గొంతు.

“తల్లీ, మంత్రిని మాట్లాడుతున్నా. జాతి మొత్తం నీకు దండం పెడుతోందమ్మా,” అని మొదలుపెట్టి మంత్రిగారు ప్రకటన మొత్తం చదివారు. ‘బంగారు పతకం’ దగ్గర గొంతు వణికించారు. స్టేడియం చెప్పారు, విగ్రహం చెప్పారు, సెలవు చెప్పారు. “ఇంకేం కావాలో అడుగు తల్లీ. సిగ్గుపడకు.”

“అప్పుడే ఇవన్నీ ఎందుకండీ?” ఆ వినయానికి పీఏ కళ్లొత్తుకున్నాడు.

“ఫైనల్ రేపు సార్,” అంది అమ్మాయి.