ముప్పయ్యో గీత

ఆ ముప్పయ్యో గీత ఎటు పోయింది? ఇరవై రెండేళ్ళుగా ఈ సందేహం కుసకాబె గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. ఈ ఉదయం ఇంట్లో బుద్ధమందిరం ముందు అన్నం గిన్నె పెట్టి చేతులు జోడించినప్పుడూ అదే గుర్తొచ్చింది. పక్కన భార్య చిహారు ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. ఎప్పుడూ అతని కన్నా ఆవిడ ప్రార్థనే పొడుగు.

"ఉసామి జవాబు రాశాడు. ఆదివారం వస్తాడట," అంది కళ్ళు తెరిచి.

"నన్ను అడక్కుండా వాడికి ఉత్తరం రాశావా?"

"అడిగితే వద్దంటారుగా. మీ బాస్ గిటారుకు కొత్త తీగలు కూడా వేయించాను."

కొకురా బజారులో ఒక భవనం కింద, నేలమాళిగలో ఉన్న చిన్న సంగీతశాల మూతపడబోతోంది. చివరి ఆదివారం మధ్యాహ్నం పాత బృందాలన్నీ రావాలని యజమాని కోరాడు. 'ఇనుప గొడుగు' పేరు ఆయన జాబితాలో మొదటిది. గిటారు, పాట మినెగిషివి. బాస్ కుసకాబెది. డ్రమ్ములు ఉసామివి. ముగ్గురే.

నలుగురుంటే ఒకడు తడబడినా మిగతావాళ్ళు కప్పేస్తారు. ముగ్గురిలో దాక్కోవడానికి చోటుండదు. పాట మధ్యలో మినెగిషి తీగల మీంచి చెయ్యి తీసేస్తే, వెలితిలో బాసూ డ్రమ్మూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడేవి. ఆ వెలితి వినడానికే జనం వచ్చేవారు.

అక్కడ ఒక్క సాయంత్రం నాలుగైదు బృందాలు వాయిస్తాయి. టికెట్టు అందరికీ ఒకటే. తలుపు దగ్గర కూర్చున్నావిడ వచ్చిన ప్రతివాళ్ళనీ, "ఈరోజు ఎవరి కోసం వచ్చారు?" అని అడిగి, చెప్పిన పేరు కింద ఒక గీత గీస్తుంది. ఎవరి గీతలు వాళ్ళ పరువు.

అప్పట్లో టోక్యో నుంచి పాటల కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు. "సొంత ఊళ్ళో మీ కోసం ముప్పైమంది రాకపోతే టోక్యోలో ఎవరొస్తారు? ముప్పై గీతలు చూపించండి, ఏప్రిల్లో తీసుకుపోతాను," అన్నాడు. ముగ్గురూ ఊరంతా తిరిగి సరిగ్గా ముప్పైమందిని ఒప్పించారు. ముప్పైమందీ వచ్చారు. వేదిక మీంచి కుసకాబె ఒక్కో ముఖాన్నీ చూశాడు.

కాగితం మీద మాత్రం ఇరవై తొమ్మిదే ఉన్నాయి.

"మీవాళ్ళలో ఎవరో ఒకమ్మాయి 'పగటి చుక్కలు' అని వేరే బృందం పేరు చెప్పిందయ్యా. నేను తలెత్తి చూడలేదు," అంది తలుపు దగ్గరావిడ.

చేపల మార్కెట్టులో పని మానేసి టోక్యో పోతానన్నందుకు ఉసామితో వాళ్ళక్క అప్పటికి నెల రోజులుగా మాట్లాడ్డం లేదు; అయినా ఆ ముప్పైమందిలో ఆవిడా ఉంది. "మీ అక్కేరా," అన్నాడు కుసకాబె. ఉసామి డ్రమ్ము పుల్లలు నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. నలుగురిలో ఒకడు పోతే ముగ్గురు మిగులుతారు. ఈ ముగ్గురిలో ఒకడు పోతే ఏమీ మిగల్లేదు. కుసకాబె తన తండ్రి నడిపే తతామి చాపల కొట్లో కూర్చున్నాడు. మంచాన పడ్డ తన తండ్రిని చూసుకుంటూ రొట్టెల దుకాణంలో పనిచేసే చిహారును ఆ శరత్తులోనే పెళ్ళి చేసుకున్నాడు. ఆ గీతల రోజు ముందు వరసలో నిలబడి, అరచేతులు కందిపోయేలా చప్పట్లు కొట్టిన పిల్ల.

ఆదివారం వేదిక వెనక గదిలో ముగ్గురూ కలిశారు.

"జుట్టేదిరా?" అన్నాడు మినెగిషి.

"నీ గొంతు పోయిన చోటికే పోయింది," అన్నాడు ఉసామి.

కుసకాబె నవ్వలేదు. ఉసామి డ్రమ్ముల పీట సర్దుకుంటూ ఆగాడు.

"ఒక్కమాట. అక్క పోయి మూడేళ్ళయింది. ఆస్పత్రి మంచం మీద కూడా, 'నేను మీ పేరే చెప్పానురా' అంది. ఇప్పుడైనా నమ్ముతానంటే కూర్చుంటాను. లేదంటే మీరిద్దరే వాయించుకోండి."

"మరి ఇంకెవర్రా? మిగతా అందరూ మన మంచి కోరినవాళ్ళే కదా."

"నాకేం తెలుసు? నేనూ ఇన్నేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను."

కుసకాబె గదిలో ఉండలేక మెట్ల మీదికి వచ్చాడు. తలుపు ముందు వరస కట్టినవాళ్ళలో చిహారు ఉంది.

"ఏమన్నాడు?"

"వాళ్ళక్కను నమ్మాలట. చనిపోయిన మనిషి మీద నింద మోపడం పాపమే. కానీ మమ్మల్ని ఎవరో మోసం చేశారు కదా. నమ్మకుండానే నమ్మానని ఎలా అనను?"

చిహారు సంచిలోంచి టికెట్టు డబ్బులు తీసి పట్టుకుంది. "నమ్మండి," అంది. "నా మాట మీద నమ్మండి."

ఆవిడ మాట అతను ఎప్పుడూ కాదనలేదు. వెనకే వచ్చిన ఉసామి వైపు తిరిగి నడుం వంచాడు.

"మీ అక్క అబద్ధమాడలేదు. నన్ను క్షమించరా."

"ఎవరు చెప్పారు?"

"మా ఆవిడ."

ఉసామి ముక్కు చీదుకున్నాడు. "అయితే సరే. మొదటి పాట మాత్రం మెల్లిగా మొదలెట్టు, నాకు మోకాళ్ళ నొప్పి," అని లోపలికి వెళ్ళాడు.

వరస కదిలింది. తలుపు దగ్గర అప్పటి ఆవిడే. జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి.

"ఈరోజు ఎవరి కోసం వచ్చారమ్మా?"

"ఇనుప గొడుగు," అంది చిహారు, మెట్ల మీదున్నవాళ్ళంతా తిరిగి చూసేలా.

పెన్సిలు ఒక గీత గీసింది. కుసకాబె నవ్వబోయాడు. చిహారు తలెత్తకుండానే అతనితో అంది:

"ఈసారి నిజం చెప్పాను."