కడుపు నిండిన బేరం

ఆస్పత్రి సూపరింటెండెంటు రోజూ ఇంట్లో సుష్టుగా భోంచేసి వచ్చి, రోగుల కూర రుచి చూసేవాడు. చెంచాడు నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించేవాడు.

"ఇది మూడేసి గరిటెలు ఎవరు తింటారమ్మా? రెండు చాలు. రేపే ఉత్తర్వు ఇచ్చేస్తాను."

"జబ్బు నుంచి లేచినవాళ్లకి ఆకలెక్కువ సార్. మీరు ఒక్కరోజు ఖాళీ కడుపుతో వచ్చి చూడండి" అంది వంటామె.

మర్నాడు ఆయన అలాగే వచ్చాడు. ఆమె మాట విని కాదు, రక్తపరీక్షకని పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. చేతిలో ఉత్తర్వు కాగితం ఉంది. గిన్నె మూత తీయగానే ఆయన చూపు కూరకు అతుక్కుపోయింది.

"ఏం వాసనమ్మా! పాపం, రెండు గరిటెలు ఏ మూలకి? ఈ కాగితం చింపేస్తాలే. ముందు కాస్త వడ్డించు."

వంటామె పొంగిపోయింది. కొసరి కొసరి వడ్డించింది. ఆయన నాలుగు గరిటెలు లాగించాడు, కంచం నాకడం ఒక్కటే తక్కువ.

తర్వాత గట్టిగా తేన్చి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆ గిన్నె మూత పెట్టెయ్. వాసనకే కడుపులో తిప్పుతోంది. ఈ కూర రెండు గరిటెలైనా ఎక్కువే."

కాగితం మీద సంతకం గిలికి వెళ్లిపోయాడు.

వంటామెకు ఆయన మీదకంటే తన మీదే ఎక్కువ అసహ్యం వేసింది. ఆకలేసిన ఆ కాసేపు ఆయన మనిషిగా ఉన్నాడు. కాగితం చింపేదాకా ఆగకుండా, తన చేత్తోనే మేపి, మళ్లీ సూపరింటెండెంటును చేసింది.