పక్క టేబుల్ ఎంగిలి

“సార్, ఆవిడ మళ్లీ వచ్చింది” అంది ప్లేట్లు తీసే ఆమె, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

క్యాంటీన్ మేనేజరు తొంగిచూశాడు. శుభ్రం విషయంలో ఆయన పట్టింపు అంతా ఇంతా కాదు. గ్లాసు మీద వేలిముద్ర కనిపిస్తే ఇంతెత్తున లేస్తాడు.

మూల టేబుల్ దగ్గర యాభైకి దగ్గరపడిన ఆడమనిషి. జుట్టంతా రేగిపోయి ఉంది. ఎవరో తిని లేచిపోయిన ప్లేటు లాక్కుని, కొరికి వదిలేసిన ముక్క నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుని నమిలి, చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంది. ఇంకో ప్లేటు లాక్కుంది. అందులో మూతి తుడుచుకున్న కాగితం కూరలో నానుతోంది.

“మూడు రోజులుగా ఇదే వరస సార్. ఇంతవరకూ మీరు లేని వేళ చూసి వచ్చేది. మొదటిరోజు ‘ఏం కావాలమ్మా?’ అని అడిగా. పావుగంట బోర్డు వంక చూసి, ‘నాకేం కావాలో నాకే తెలీదు’ అని బావురుమంది. పోలీసులకి ఫోన్ చేద్దామా?”

“వద్దొద్దు! నేను చూసుకుంటా.”

తినేవాళ్లంతా ముఖాలు తిప్పుకుంటున్నారు. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

“ఛీ! ఏం పనిది?” అన్నాడు దగ్గరకెళ్లి, గొంతు తగ్గించి.

ఆమె బెదరలేదు. “ఏదిష్టమో వెతుక్కుంటున్నానండీ. నాకంటూ ఒక్కటైనా ఉండకపోదు కదా?”

“ఎవరిదో ఎంగిలి! కుక్కలు కూడా ముట్టవు. సిగ్గులేదూ?”

ఆమె వినిపించుకోలేదు. ఇంకో ముక్క నాలుక మీద పెట్టుకుంది. ఒక్కసారిగా ముఖం విప్పారింది.

“ఇదే! పుల్లగా, కాస్త తియ్యగా... ఇది నాకిష్టం! దీన్నేమంటారు?”

ప్లేటు లాక్కుని చెత్తడబ్బాలో బోర్లించాడు. పుస్తకం కూడా అందులోనే పడేశాడు.

“నడు ఇంటికి.”

ఆమె ఏడవలేదు. డబ్బాలోకి ఒకసారి చూసి, వేళ్లు నాక్కుంటూ వెళ్లిపోయింది. ఆయన సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు. అయినా రోత పోలేదు.

రెండున్నరకి ఇంటికెళ్లి, ఆమె వడ్డించింది సగం తిని, బ్రేవుమని త్రేన్చి, పళ్లెం ఆమె ముందుకు నెట్టి, రోజూలాగే అన్నాడు మొగుడు: “పారెయ్యకు, నువ్వు తినెయ్.”