దారిచ్చిన చౌరస్తా

"పేషెంటా? పొద్దుగాల ఒకడు గట్లనే చెప్పి పెండ్లికి పోయిండు. ఎనకకు తిప్పు!"

ఎల్‌బీనగర్ చౌరస్తాలో ముందున్న ఆటో వెనుదిరిగింది. సకల జనుల సమ్మె. రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. ఆ వెనకే వచ్చిన ట్రాలీలో పాడె మీద మట్టయ్యను చూసి మాత్రం కార్యకర్తలు పక్కకు జరిగారు.

"ఏడికి?" అన్నాడు వాళ్ల పెద్ద, అంతయ్య.

"దిల్‌సుఖ్‌నగర్‌కన్నా. మా నాయిన. అక్క ఆఖరి చూపు చూస్తదట. జర జల్ది పోనియ్యి" అన్నాడు ట్రాలీ నడుపుతున్న తిరుపతి.

"ఎట్ల పోయిండు?"

తిరుపతి అంతయ్య మెడలోని కండువా వైపు చూశాడు. "టీవీల తెలంగాణ వార్తలు చూసుకుంట... గుండె ఆగింది."

ఆ ఒక్క మాట అనకపోయినా బాగుండేది. అంతయ్యకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిజం కన్నీళ్లే, పాపం. "అమరుడురా! దండలు తేండ్రి!" అని కేకేశాడు. బంతిపూల దండలు మట్టయ్య ఛాతీ మీద కుప్పపడ్డాయి. చౌరస్తా జోహార్లతో దద్దరిల్లింది.

మట్టయ్య తలాపున కూర్చున్న భార్య అండాలమ్మ ఏడవలేదు. ఈగలు వాలకుండా కొంగుతో విసురుతోంది.

"ఒళ్లింక సల్లగ కాలే" అన్నాడు అంతయ్య, నుదురు తాకి.

"ఇప్పుడేనన్నా."

"అయితే మాత్రం? దవడ కట్టలే, ముక్కుల దూది పెట్టలే. చెప్పెటోళ్లు లేరా మీకు?"

"అద్దన్నా!" అండాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆడికి పోయినంక నేనే పెడ్త."

"ఊకో అమ్మా!" అన్నాడు తిరుపతి, కార్యకర్తల చేతుల్లోని కర్రల వంక చూస్తూ.

అంతయ్య పక్కనున్న మందుల షాపు నుంచి దూది తెప్పించాడు. తన కండువాతో దవడ బిగించి నడినెత్తిన ముడి వేశాడు. ముక్కుల్లో దూది కూరాడు. సొంత తండ్రికి చేసినంత శ్రద్ధగా చేశాడు. అండాలమ్మ అప్పుడు ఏడ్చింది. గుండెలు బాదుకుని ఏడ్చింది. చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు.

మౌనం పాటించారు. తర్వాత అంతయ్యే నినాదాలిస్తూ కొత్తపేట దాకా ట్రాలీ ముందు నడిచాడు. అక్కణ్నుంచి తిరుపతి ఎంత వేగంగా తోలాడో అతనికే తెలియదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో తెల్లకోటు మనిషి బయటికొచ్చి పాడె చూసి విసుక్కున్నాడు.

"శ్మశానానికి తీసుకెళ్లకుండా ఆసుపత్రికి తెచ్చారేంటమ్మా?"

అండాలమ్మ కండువా ముడి విప్పుతోంది.

"ఎల్‌బీనగర్ దాక బతికే ఉండె సారూ."