తెల్లటి దూది

"ఇది తుడిచిన దూదేనా?" అని అడిగింది నగ్వా.

"తుడిచిందే అక్కా. కైరోకి పంపెయ్యడమే," అన్నాడు షుక్రీ డబ్బా మూత బిగిస్తూ.

వాళ్ల ల్యాబులో, కూరగాయల్లోని పురుగుమందు జాడ పట్టే యంత్రం లోపల రేడియోధార్మిక రేకు ఒకటి ఉంది. దాని పొడి బయటికి వస్తోందేమోనని ఆరు నెలలకోసారి తడిదూదితో తుడిచి పరీక్షకు పంపుతారు.

"నిన్నంతా ఖమ్సీన్ దుమ్ముగాలి. నా కనురెప్పల్లో ఇంకా ఇసుక ఉంది. నీ దూది మాత్రం పెళ్లికూతురి గౌనులా ఉందేంట్రా?"

షుక్రీ తల దించుకున్నాడు. "ఆ యంత్రాన్ని ముట్టుకోవాలంటే భయమక్కా. నాకింకా పిల్లలు పుట్టలేదు."

"ఎప్పట్నుంచి తుడవకుండా పంపుతున్నావు?"

"చేరినప్పట్నుంచీ."

కైరో నుంచి ప్రతిసారీ భయం లేదనే జవాబు వచ్చేది. అది నమ్మే నగ్వా, వెచ్చగా ఉంటాయని, రోజూ రొట్టెల బుట్ట ఆ యంత్రం మీద పెట్టేది. అందరికీ తనే పంచేది.

"నువ్వెప్పుడూ నా రొట్టె తినలేదు," అంది నెమ్మదిగా. "కడుపులో మంటనేవాడివి."



నగ్వా చేతులకు తొడుగులు వేసుకుని యంత్రం తుడిచింది. దూది నల్లబడింది. అది దుమ్మో, మరొకటో కంటికి తెలిసేది కాదు.

ఇంకో దూది తడిపి, రొట్టెల బుట్ట అడుగు తుడిచింది.