అలంకారాలు లేని శుభలేఖ

శుభలేఖలు కాగితం మీద రావడం ఎప్పుడో మానేశాయి. భద్రాచలానికి చూపు లేదు కాబట్టి, ఫోన్‌కి ఏది వచ్చినా చెవిలో పెట్టుకున్న రీడర్ యంత్రమే చదివి వినిపిస్తుంది. మొదట్లో అది కార్డు మీద కనిపించేదల్లా చదివేది. "గులాబీ. గులాబీ. బంగారు గీత. ఏనుగు." పెళ్లికూతురి పేరు దాకా వచ్చేసరికి కాఫీ చల్లారిపోయేది. ఒకరోజు విసుగెత్తి, "ఆ అలంకారాలు వదిలెయ్. రాసిన మాటలు చదివితే చాలు" అన్నాడు. అప్పటినుంచి ప్రాణం హాయిగా ఉంది.

మొన్న వచ్చిన కార్డు అలాగే విన్నాడు. "కొప్పిశెట్టి సింహాద్రి గారి కుమార్తె హైమ వివాహం."

సింహాద్రి! ఏదో చిన్న మాటకి అలిగి, ఏళ్ల తరబడి మాట్లాడని స్నేహితుడు. వాడే దిగొచ్చి పిలిచాడు. భద్రాచలం వాడికిష్టమైన పూతరేకులు పట్టుకుని రాజమండ్రి వెళ్లాడు.

కల్యాణమండపంలో హైమే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్న ఏడమ్మా? ఇంకా కోపం తగ్గలేదా వాడికి? పిలువు, ముందు నేనే మాట్లాడతాను."

హైమ అతన్ని జనంలోంచి పక్కకి తీసుకెళ్లింది.

"నాన్న పోయి ఏడాదైంది బాబాయ్. పేరు ముందు ఆ మాటని కార్డులో పువ్వుల మధ్య బొమ్మలా పెట్టేశారు... మీరు వినే వచ్చారనుకున్నాం."

భద్రాచలం పూతరేకుల పెట్టె ఒళ్లో పెట్టుకుని ఓ కుర్చీలో కూర్చున్నాడు. సన్నాయి మోగుతోంది. "మొత్తం చదువు," అన్నాడు రీడర్‌తో. "ఏదీ వదలకు."

"మామిడి తోరణం. గులాబీ. గులాబీ. కీర్తిశేషులు. కొప్పిశెట్టి సింహాద్రి. గులాబీ."